ఒంటికాలు కర్ర

కర్నూలు పాతబస్తీలో, బురుజుకు అవతలి సందులో
గఫార్ అంగడి. షట్టరు సగమే లేపుతాడు,
వంగి పోవాల లోపలికి.
"మూడు కాళ్లది ఉండాది గదన్నా నీకు" అన్నాడు.
ఉంది.
పీర్ల రాత్రి గుండం చుట్టూ
మూడు కాళ్లకు యాడుంది చోటు?
పోయినేడు ఒక ముసలామె తట్టుకుని పడబోయింది,
ఊరు ఊరంతా నన్నే తిట్టె.
ఒక కాలు మోపేంత జాగా అయితే
ఎవరైనా ఇస్తారు.

అదొక్కటే కారణమని చెప్పినా.

నాలుగు తెచ్చి గోడకు ఆనించినాడు.
మొదటిది పదకొండొందలు. గోగుపుల్లంత తేలిక.
తలమీద రెండు చేతులూ పెట్టి
నా బరువంతా మోపితే
నిమ్మళంగా, చప్పుడు లేకుండా,
తాగినోడు గోడ పట్టుకుని జారినట్టు
కుంగిపోయింది.

రెండోదానికి ఐదు కణుపులు.
మడిస్తే జోలెలో పడుతుంది, నిజమే.
ఆఖరి కణుపు మాత్రం నా చిటికెన వేలంత.
చెరుకుగడకు మొదట్లో కదా లావు!
ఇది తలకిందులుగా నాటిన చెరుకు.

మూడోది కార్బన్.
గోటితో కొడితే ఎండిన సొరబుర్ర మోత.
ధర విన్నాక
ఎక్కడ తీసినానో అక్కడే ఆనించినా.

నాలుగోది ఎవరో అమ్ముకున్నది.
అల్యూమినియం, మూడే కణుపులు, అక్కడక్కడ గీతలు,
బొటనవేలంత లివర్ తాళాలు.
వేస్తే, రాత్రి ఇంటికి బీగం పడ్డట్టు, టక్.
"తిప్పుడు తాళాల్లోకి ఇసక పోతే కరకరమంటాది,
దీనికి నోటితో ఊదితే చాలు" అన్నాడు.
మళ్లీ బరువంతా మోపినా.
మడమలు నేల విడిచేదాకా మోపినా.
కదల్లే.
పెద్ద లెన్సు బిగించి, కన్ను ఆనించి
ఎదురుగోడ మీది క్యాలెండర్లో
అమావాస్య పక్కనున్న చిన్నక్షరాలు చదివినా.
ముందుకూ వెనక్కూ ఊగుతాది, ఊగనీ,
పైకీ కిందికీ లేదు.

"ఒక కాలు అదిస్తాది,
తక్కిన రెండూ నీవే" అన్నాడు గఫార్.
నోట్లు లెక్కపెడుతుంటే
నోట్లను గాక నా వేళ్లను చూసినాడు.
ఏమీ అడగలే.
నేను బేరం చెయ్యకుండానే వంద తిరిగిచ్చినాడు.

*

పత్తికొండ అవతల ఆ ఊళ్లో
చింతమొద్దులు నడిజాముకు కణకణ కాలినాయి.
ఊదు పొగ, తప్పెట్లు, బెల్లం చదివింపులు,
మెడమీద ఎవరిదో ఊపిరి.
పీరు నెత్తేది ఉరుకుందప్ప,
తాతల కాలం నుంచీ ఆ ఇంటోళ్లే.
దట్టీ బిగిస్తా, నా కర్రను చూసినాడు.
"ఏందప్పా అది?"
"కెమెరాకు, పెద్దాయనా."
తీసుకున్నాడు. నేలకు రెండు పోట్లు పొడిచి,
అరచేత్తో అదిమి చూసినాడు,
ఎద్దును కొనేవాడు వెన్ను అదిమినట్టు.
"మొదలు గట్టిగుండాదిలే."
ఆ మాట చాలనిపించింది,
నాలుగు కర్రల్లో ఒకటి ఏరుకున్నందుకు.

గుండం ముందర ఆగినాడు.
పీరు మొదలు నడుము దట్టీలో,
పైన పట్టువస్త్రాలు, మల్లెలు, మనిషికి రెండింతల బరువు.
నేను కాళ్లు ఎడం చేసి, మోచేతులు డొక్కలకు అదిమి
ఊపిరి సగంలో నిలిపినా.
సెకనులో పదిహేనో వంతు.
ఆ కాస్త సేపు
నా చెయ్యి నాది గాదు.

అరవై మూడు బొమ్మలు. నిలబడింది ఒకటి.
మంట చెదిరింది, జనం చెదిరినారు,
మల్లెలు పొగలాగ సాగినాయి.
పీరు కర్ర మాత్రం గీత గీసినట్టుంది.
దాన్ని పట్టిన పది వేళ్లూ మసక.
ఫోకస్ తప్పినానేమోనని
తెర మీద పెంచి పెంచి చూసినా.
తప్పలే.
ఆయన చేతులూ వణికినాయి.

బొమ్మ కడిగించి ఇస్తానని చెప్పి వచ్చినా గానీ
ఆ వేళ్లను ఆయనకు చూపించాలో వద్దో
ఇంకా తేల్చుకోలే.

ఈలోగా, నిప్పు తొక్కి
కర్రకున్న రబ్బరు మడమ కరిగింది.
సోమవారం మళ్లా వంగి పోవాల
ఆ సగం షట్టరు కింద.
నలభై రూపాయలంట.